పిల్లల సాళ్లు

శనివారం పొద్దున్నే మామ ఫోన్ చేస్తే మర్నాటి సంబరానికి మంచినీళ్ల క్యాన్ల కోసమే అనుకున్నాను. ఆయన నోరు తెరవకముందే "క్యాన్లు చెప్పిన మామా, రేపు పొద్దుగాల్నే వస్తయి" అన్నాను. "మీ అత్త లేస్తలేదు, అల్లుడా" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఇది రాస్తున్నా నాకు నమ్మకం కుదరడం లేదు. ముందురోజు సాయంత్రమేగా, గంపలు సరిపోవని నాతో ఫోన్లో కొట్లాడింది.

అత్తమ్మ మా నాన్న చెల్లెలు. ఇంద్రేశం పక్కన, ప్లాట్ల వెంచర్ల హద్దురాళ్ల నడుమ, ఆమె మెట్ట చెల్క ఒక్కటే ఇంకా పచ్చగా ఉండేది. ఏటా దసరా వెళ్లాక ఒక ఆదివారం ఆ చెల్క అందరిదీ. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల నుంచి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల నుంచి పిల్లాపాపలతో జనం వచ్చేవాళ్లు. బర్రెను ముట్టుకోవచ్చు, మక్క కంకులు కాల్చుకోవచ్చు. పిల్లలు మాత్రం పల్లికాయ పీకడానికే పరుగెత్తేవాళ్లు.

మొదటి ఏడు నేల ఎండి ఉంది. పిల్లలు గుంజితే కాడలు తెగి చేతికొచ్చాయి, కాయలు భూమిలోనే ఉండిపోయాయి. ఒక పాప వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటి నుంచి అత్తమ్మ గట్టు పక్కన కొన్ని సాళ్లు పిల్లల కోసమని పీకకుండా ఉంచి, రెండు రోజుల ముందు తానే పార పట్టి నీళ్లు కట్టేది. ఇంకెవరినీ ఆ పని ముట్టనిచ్చేది కాదు. "చిన్న చేతులకు భూమి జెర మెత్తగుండాలె. పెద్దోళ్లు ఎట్లనన్న గుంజుకుంటరు" అనేది. వచ్చినవాళ్లు పల్లికాయ ఎప్పుడూ అంత సులువుగానే వస్తుందనుకొని ఇంటికెళ్లేవాళ్లు. వాళ్లను అలా అనుకోనివ్వడమే ఆమెకు ఇష్టం. నన్ను పెంచిన చేతులూ అవే కదా, నేనూ చాలాకాలం అన్నీ సులువనే అనుకున్నాను.

మామకు ఈ సంబరం గిట్టేది కాదు. "పిలిచి మరీ చేను తొక్కిచ్చుకునేటోళ్లను నిన్నే సూసిన" అని సణిగేవాడు. "తొక్కితే భూమి సావది. ప్లాట్లు జేస్తెనే సస్తది" అని ఆమె జవాబు. ఆయన సణుగుతూనే బర్రెను కడిగి, కొమ్ములకు నూనె రాసేవాడు.

శనివారం సాయంత్రమే దహనం అయింది. రేపటి జనాన్ని రావద్దనమని చుట్టాలంతా అన్నారు. "మైలవడ్డ ఇంట్ల సంబురమేంది?" అని ఒక పెద్దాయన కోప్పడ్డాడు. ఆ మాటా న్యాయమే. నేను మెసేజ్ రాస్తుంటే, మామ నా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"రానియ్యి అల్లుడా. నిన్న నీళ్లు కట్టింది. రేపు దాటితే భూమి గట్టివడ్తది."

ఆదివారం వాళ్లొచ్చారు. విషయం గట్టు మీదే చెప్పాం. మక్కలు కాల్చలేదు. పిల్లలను సాళ్ల దగ్గరికి మామే తీసుకుపోయాడు. ఒక చిన్న పాప రెండు చేతులతో చెట్టు పట్టుకొని లాగితే, గుత్తి గుత్తంతా కదిలి పైకొచ్చింది.

"తాతా, మట్టి ఇంకా తడిగా ఉంది" అంది.

మామ అక్కడే కూర్చున్నాడు. చెట్టు వేర్లకంటిన మట్టి కొంత తీసుకొని పిడికిలి బిగించి తెరిచాడు. ముద్ద విడిపోలేదు.

"నీళ్లు మంచిగనే కట్టింది" అన్నాడు.

తన వేళ్ల అచ్చులు పడ్డ ఆ ముద్దను పిల్లలందరూ వెళ్లిపోయేదాకా ఆయన చేతిలోంచి వదల్లేదు.