అత్త పొత్రం, నా సత్తు కడ్డీ

ఆ రోజుల్లో నా దగ్గర పుష్కలంగా ఉన్నది మొండితనం ఒక్కటే. విజయనగరంలో ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతూ, మెత్తటి సత్తును, అంటే అల్యూమినియాన్ని, గట్టిపరుస్తానని ప్రాజెక్టు మొదలుపెట్టాను. రైసుమిల్లు ఊక బూడిదను సన్నగా జల్లించి, కరిగించిన సత్తులో కలిపి కడ్డీలు పోశాను. లోహం వంగడమంటే లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారడం. మధ్యలో బూడిద రేణువులు అడ్డుపడితే అంత తేలిగ్గా జారవు. (ఇంత సులువుగా అప్పుడే చెప్పగలిగుంటే మా గైడు సారు నన్ను అన్ని తిట్లు తిట్టేవారు కాదు.) తీరా వైవా దగ్గరపడేసరికి కాలేజీలో కడ్డీల బలం పరీక్షించే మెషిను మొరాయించింది. "ఏదో ఒక రుజువు చూపించు, లేకపోతే ఈ ఏడాది పాసవ్వవు" అనేశారు సారు.

నేను వదులుతానా! శృంగవరపుకోటలో మా మేనత్త పశువుల సాలలో ఒక ఉత్త సత్తు కడ్డీని, ఒక బూడిద కడ్డీని ఇటుకల మీద అడ్డంగా పెట్టి, రెండింటికీ సమానంగా ఇసక బకెట్లు వేలాడదీశాను. సాయంత్రానికి ఉత్తది బాగా వంగిపోయింది, నాది కొంచెమే వంగింది. పొద్దున్నే ఫొటో తీద్దామని హాయిగా పడుకున్నాను. తెల్లారి చూద్దును కదా, ఉత్త కడ్డీ నా కడ్డీకంటే దర్జాగా బకెట్టు మోస్తోంది! అత్తను కేకేశాను.

"అత్తా, ఈ కడ్డీని ఎవరు ముట్టుకున్నారు?"

"నానేరా. ఒంగిపోనాది కదా, నీకు మార్కులు పోతాయని పొత్రంతో బాది సక్కగా సేసి, మల్లీ బకెట్టు తగిలించినాను. ఇప్పుడు సూడు, ఒంగితే ఒట్టు!"

"అది వంగాలత్తా!"

"ఏటిరా ఎర్రి గుంటడా! ఒంగిపోనదాన్ని అట్టుకెల్లి సార్లకి సూపిస్తావేటి?"

ఏడుపొచ్చింది. అయినా సాలకు తాళం వేసి, మిగిలిన కడ్డీలతో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి రుజువు దొరికింది కానీ, అత్త బాదిన కడ్డీ ఎందుకు గట్టిపడిందన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. జవాబు దొరికేదాకా పుస్తకాలు తిరగేశాను.

వైవాలో, బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన నేను పట్టుకెళ్ళిన వాటిలోంచి సరిగ్గా అత్త బాదిన సొట్టల కడ్డీనే చేతిలోకి తీసుకున్నారు. "ఇదేమిటి?"

"మా అత్త పొత్రంతో కొట్టిందండీ." అందరూ గొల్లుమన్నారు.

"మరెందుకు గట్టిపడింది?"

దెబ్బలకు లోహం లోపలి సన్నటి లోపాలు పెరిగి, చిక్కుపడి, ఒకదానికొకటి అడ్డుపడి, పొరల్ని జారనివ్వవని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. పాసయ్యాను.

ఆ కబురు చెబితే అత్త పొత్రాన్ని కడిగి పసుపు రాసింది. ఇప్పుడు ఆవిడకు మిక్సీ ఉంది, పొత్రం ఎత్తే ఓపిక లేదు. సొట్టల కడ్డీ మాత్రం నా బల్ల మీదే ఉంది. దాన్ని తడిమినప్పుడల్లా, బకెట్ల ముందు ఏడుపు మొహంతో నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడి కోసం చీకటితో లేచి సత్తు కడ్డీని బాదిన మనిషి ఉందన్న సంగతి, పాపం, వాడికి అప్పుడు తట్టలేదు.