తమ్ముడు పెరట్లోకి దిగిన ఏడాది

మొన్న బరంపురంలో మా వీధి మలుపు దగ్గర ఒక తోపుడుబండి మీంచి తవుడు బస్తా జారిపడి పగిలింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. తడిసిన తవుడులోంచి లేచిన ఆ తియ్యటి, కాస్త పులిసిన వాసన తగలగానే నేను గొడుగు విప్పడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. అరవై దాటి చాలా ఏళ్లయిన మనిషిని, ఒక్క క్షణం ఏడేళ్ల పిల్లనై, కుడితి తొట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచి తవుడు ఉండలు చిదుపుతూ, నా చెవి పక్కనే వేడిగా ఊపిరి వదులుతున్న గేదె మూతిని మోచేత్తో వెనక్కి నెడుతున్నాను.

మా ఊరు పురుషోత్తంపూర్ దాటాక ఋషికుల్య నది ఒడ్డు వైపు వెళ్లే బండిదారిలో ఉండేది. సగం ఇళ్లలో తెలుగు, సగం ఇళ్లలో ఒడియా, మా నోళ్లలో రెండూ. స్వతంత్రం వచ్చి పదిహేను, పదహారేళ్లు అయి ఉంటుంది. మా ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. ఆ పెరటికి యజమాని మా నాన్న వాళ్లమ్మ. ఆవిడని మేము మామ్మ అనేవాళ్లం. రెండు గేదెలు, ఒక ఆవు, నాలుగు మేకలు, ఇన్ని అని ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టని కోళ్లు, వాటి మధ్య మేమూ, చుట్టుపక్కల ఇళ్ల పిల్లలూ. మామ్మ "తి తి తి" అంటే మా కోళ్లూ, పక్కింటి ఒడియా మౌసి "ఆ ఆ ఆ" అంటే వాళ్ల కోళ్లూ రావాలి గానీ, నూకలు కనబడితే రెండు భాషలూ అన్నిటికీ వచ్చేసేవి.

మామ్మ మమ్మల్ని ఆడనిచ్చే పద్ధతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మునగచెట్టు కింద రాయి మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, మమ్మల్ని చూస్తూ ఉండేది. "అటెల్లకు, ఇటెల్లకు" అని గొంతు చించుకునేది కాదు. ఆవిడ చెప్పేవి మూడే మాటలు: గేదె వెనక్కి వెళ్లకూడదు, పొదుగుతున్న కోడి కళ్లలోకి వంగి చూడకూడదు, పెరట్లోంచి వచ్చాక బూడిదతో చేతులు తోమి కడుక్కోకుండా నోట్లో మెతుకు పెట్టకూడదు. వీటిలో ఏది దాటినా ఆ పూట చోడి అంబలి, అదే రాగి అంబలి, అందరికంటే చివర్న దొరికేది. మిగతా అంతా మా ఇష్టం. ఎండాకాలం మేకపిల్లలతో పాటు అరుగు మీంచి దూకేవాళ్లం. వానాకాలం తడిసిన కోళ్లన్నీ చూరు కింద ఒళ్లు విదిలించుకుంటుంటే ఆ తుంపర్ల కోసం మొహాలు పెట్టేవాళ్లం. చలికాలం పొద్దున్నే గడ్డిమేటులో చేయి దూర్చి, అప్పుడే పెట్టిన గుడ్డు దొరికితే దాన్ని చెంపకు ఆనించుకుని ఆ వెచ్చదనం పోయేదాకా ఎవరికీ చెప్పకుండా కూర్చునేవాళ్లం.

మా అమ్మకి మాత్రం ఆ పెరడంటే భయం. అమ్మ బరంపురం పిల్ల, పట్టుచీరలు నేసే వీధిలో పుట్టింది. మగ్గం ఉన్న ఇంట్లో ఈక ఎగిరినా, మట్టి చెయ్యి నూలుకి తగిలినా ఊరుకోరు. ఆ శుభ్రంతోనే అమ్మ మా ఇంటికి కాపురానికి వచ్చింది. నాకూ తమ్ముడు బుజ్జికీ మధ్య పుట్టిన చెల్లి ఏడాది నిండకుండానే విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో పోయింది. అప్పటినుంచి అమ్మ దృష్టిలో ఆ పాపాన్ని మోసింది పెరడే. బుజ్జి పుట్టాక వాణ్ని చంక దించలేదు. రెండున్నరేళ్లు వచ్చినా వాడి పాదాలు నేల ఎరగవు. కోడిని చూస్తే కెవ్వున ఏడ్చి అమ్మ మెడ కరుచుకునేవాడు. పురుషోత్తంపూర్ తీసుకెళ్తే, కాళ్లలో లోపమేం లేదు, నడిపించండి అన్నాడు డాక్టరు. అమ్మ నడిపించలేదు. 

ఆ ఏడు మాఘమాసంలో అమ్మకి కామెర్లు వచ్చాయి. లేచి కూర్చోవడానికి కూడా ఓపిక లేదు. కిటికీ పక్కన మంచం వేశారు. బుజ్జిని మామ్మ చేతికి ఇస్తూ అమ్మ పచ్చటి కళ్లతో నీళ్లు పెట్టుకుంది.

"అత్తయ్యా, మీకు దండం పెడతాను, పిల్లాణ్ణి పెరట్లో దింపకండి."

"నాను దింపనమ్మా," అంది మామ్మ. "మెట్టు మీద కూకోబెడతాను. ఆడే దిగితే మాత్రం సెయ్యడ్డం పెట్టను."

మూడు రోజులు వాడు ఆ పెరటి మెట్టు మీద గోనెపట్టా పరిచిన చోటే కూర్చున్నాడు. మొదటి రోజు ఏడ్చాడు, రెండో రోజు చూశాడు, మూడో రోజు కాళ్లు కిందికి వేలాడేశాడు. నాలుగో రోజు బొల్లికోడి తన తొమ్మిది పిల్లల్నీ వెంటేసుకుని మెట్టు కిందకే వచ్చింది. బుజ్జి పిర్రల మీద జరుగుతూ దిగాడు. దిగి, చేతికందిన కోడిపిల్లని గుప్పిట పట్టేశాడు. కోడి రెక్కలు విప్పి ఎగిరి వాడి చేతి మీద పొడిచింది. రక్తం వచ్చింది. వాడు పిల్లని వదిలేసి ఆకాశం పగిలేట్టు ఏడ్చాడు. లోపల అమ్మ మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు నాకు వినబడింది.

మామ్మ నింపాదిగా వచ్చి వాడి చెయ్యి కడిగి పసుపు అద్దింది. కోడిని తిట్టలేదు, తరమలేదు.

"అది తల్లి కదరా. దాని గుంటని నువ్వట్టుకుంటే ఊరుకుంటాదేటి? నిన్నెవులైనా అట్టుకుపోతే మీయమ్మ ఊరుకుంటాదా, సెప్పు?"

బుజ్జి వెక్కుతూ కిటికీ వైపు చూశాడు. కిటికీలో అమ్మ మొహం ఉంది. 

మర్నాడు మామ్మ వాడి అరచేతిలో నాలుగు నూకలు పోసి, "అట్టుకోకు. సెయ్యి సాపి ఉంచు, అంతే. అవే వస్తాయి," అంది. చాలాసేపటికి వచ్చాయి. తొమ్మిది చిన్న ముక్కులు అరచేతిని చక్కిలిగిలి పెడుతుంటే వాడు ఊపిరి బిగబట్టి, చివరికి ఆపుకోలేక పెద్దగా నవ్వాడు. ఆ నెల తిరిగేలోపు మా ముసలి మేక వీపు పట్టుకుని నిలబడ్డాడు. అది అడుగేస్తే వాడూ అడుగేశాడు. ఒకరోజు మేక పక్కకి తప్పుకుంది. వాడు పడలేదు. చేతులు రెండూ గాల్లో పెట్టి, బొల్లికోడి వెనకాల మునగచెట్టు నీడదాకా తొమ్మిదో పదో అడుగులు వేసి అక్కడ కూలబడ్డాడు. నేను అరుచుకుంటూ లోపలికి పరిగెత్తి చెబితే, "చూశానే," అంది అమ్మ, కిటికీ ఊచలు పట్టుకుని.

కథ అంతటితో ఆగితే బాగుండును. నడక వచ్చిన పిల్లాడు ఒక చోట ఉండడు. గేదెల్లో ఒకటి ఈని వారమైంది, దూడ కోసం ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. మామ్మ కుండలో నీళ్లు తేవడానికి బావి వైపు తిరిగిన ఆ కాసేపట్లో బుజ్జి దూడ కోసం వెళ్లి గేదె పొట్ట కిందికి దూరి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మ, మంచం దిగిన రెండో రోజు, గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఈగ వాలిందేమో, నేలకేసి కొట్టబోతూ గేదె వెనక కాలు ఎత్తింది. ఆ గిట్ట కిందే తమ్ముడి తొడ ఉంది.

మామ్మ కుండ నేల మీద పెట్టేసి అమ్మ వైపు చెయ్యి చూపించింది.

"అరవకు. కదలకు. నానెల్తన్నాను."

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. గేదె ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, మెడ తిప్పి కింద ఉన్నది ఏమిటా అని చూసింది. మామ్మ రోజూ పాలు పితికేటప్పుడు మాట్లాడే ఆ గొంతుతోనే, "ఏటే తల్లీ, ఏటే, మన బుజ్జిగాడే, సూడు," అంటూ అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి ఒక చెయ్యి దాని మెడ మీద వేసి, రెండో చేత్తో వాణ్ని చొక్కా పట్టి ఇవతలికి లాగింది. అప్పుడు గేదె కాలు దించింది.

పిల్లాణ్ణి అమ్మ చేతుల్లో పెట్టి మామ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. 

"తప్పు నాదేనమ్మా," అంది. "ఈనిన గేదెని ఇప్పి ఉంచకూడదు. నన్నేటన్నా పడతాను."

అమ్మ ఆ రోజంతా బుజ్జిని ఒళ్లోంచి దించలేదు. ఇక మా పెరటి ఆటలన్నీ అయిపోయాయని నేను ముసుగు పెట్టుకుని ఏడ్చాను. తెల్లవారి లేచి చూస్తే పెరట్లో ఒక మూల నాన్న వెదురు దడి కడుతున్నాడు, ఈనిన గేదె కోసం. మునగచెట్టు కింద రాయి మీద మామ్మ పక్కన అమ్మ కూర్చుని ఉంది. బుజ్జి నేల మీద ఉన్నాడు. అమ్మ రెండు చేతులూ ఒళ్లో గట్టిగా కలిపి పట్టుకుని ఉంది, వేళ్లు తెల్లబడేంత గట్టిగా.

"ఈ కోళ్లలో పొడవనిది ఏదత్తయ్యా?" అని అడిగింది.

"అన్నీ పొడుస్తాయమ్మా. ఏది ఎప్పుడు పొడుస్తాదో ఆడికి నేర్పుదాం," అంది మామ్మ.

ఆ తర్వాత వచ్చిన మార్గశిరంలో గురువారం లక్ష్మీపూజకి అమ్మ బియ్యప్పిండితో వీధి గుమ్మం నుంచి దేవుడి గూడు దాకా లక్ష్మి పాదాలు వేసింది. గంపల కింద మూసిన కోళ్లని బుజ్జి విడిచిపెట్టాడు. తడి ముగ్గు తొక్కుకుంటూ అవి ఇల్లంతా తిరిగాయి, వాడూ వాటి వెనకే తిరిగాడు. మూడు వేళ్ల అడుగులు, ఐదు వేళ్ల అడుగులు, మధ్యమధ్య అమ్మవారివి. అమ్మ ఏమంటుందోనని నేను బిగుసుకుపోయాను. మామ్మ చూసి, "పోన్లే, లచ్చిమి ఒక్కత్తీ ఏటొస్తాది, కోళ్లనేసుకునే వచ్చింది," అంది. అమ్మ ఫక్కున నవ్వింది. చెల్లి పోయాక అప్పటిదాకా అమ్మ అలా నవ్వడం నేను వినలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మామ్మ పోయింది. తర్వాత పాతికేళ్లు ఆ పెరడు అమ్మదే. ఊళ్లో పిల్లలంతా అక్కడే ఆడారు, బూడిదతో చేతులు తోముకున్నారు. తమ్ముడు రైల్వేలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు.

ఇప్పుడు ఆ పెరట్లో సిమెంటు పోశారు. ఊళ్లోకి కోళ్లు ఇనప బోనుల్లో, బండి మీద వస్తాయి, అన్నీ తెల్లవే. కోడిపిల్లని చేతిలో పట్టుకోవడం ఎలాగో తెలిసిన పిల్లలు మా వీధిలో ఒక్కరూ లేరు. పోయినవి కోళ్లూ మేకలూ మాత్రమే అయితే నేను ఇంతగా చెప్పేదాన్ని కాదు. కిందటి వారం మా అమ్మాయి కూతురు, మూడేళ్లది, నాతో సందులో నడుస్తూ ఎవరిదో మేక ఎదురైతే ఆగి చెయ్యి చాపింది. వేళ్లు విప్పి, అరచెయ్యి పైకి పెట్టి, ఎవరూ నేర్పకుండానే. నేను ఏం చేశానో తెలుసా? గబుక్కున దాని చెయ్యి వెనక్కి లాగేశాను. మామ్మ దగ్గరా అమ్మ దగ్గరా పెరిగిన నేను, వాళ్లిద్దరికీ ఉన్న ఆ ధైర్యం, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోగలిగే ధైర్యం, ఎక్కడ పారేసుకున్నానో. మేక వెళ్లిపోయింది. పిల్ల ఏడవలేదు. మెడ తిప్పి దాన్నే చూస్తూ, నా గుప్పిట్లోంచి తన చెయ్యి విడిపించుకోవాలని సందు చివరిదాకా గింజుకుంటూనే ఉంది.