పెరిగే పిల్లకని చేయించిన బోను

మా కుక్క బోనులో పడుకోదు. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఇదివరకు ఎవరైనా అడిగితే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం మానేశాను. పడుకోదు, అంతే. ఎందుకు పడుకోదో మాత్రం దాచకుండా చెప్తాను, ఎందుకంటే అందులో దాని తప్పు ఏమీ లేదు.

భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే నా బామ్మర్ది, వాళ్ళ క్వార్టర్ వెనక పుట్టిన కుక్కపిల్లల్లో ఒకదాన్ని అట్టపెట్టెలో పెట్టుకొని జనగామకు తెచ్చాడు. అది ఏ జాతో ఆయనకూ తెలియదు. నేను ఆఫీసుకు పోతే సాయంత్రం దాకా రాను. నా భార్య దగ్గర్లోని ప్రైవేటు బడిలో టీచరు. మధ్యాహ్నం ఒకసారి ఇంటికొచ్చి పోతుంది. మేం లేనప్పుడు పిల్ల ఇల్లంతా పీకి పెడుతుందని, దానికి బోను అలవాటు చేయాలని నిర్ణయించింది నేనే. ఫోన్‌లో వీడియోలు చూశాను. పిల్ల లేచి నిలబడి, ఒకసారి తిరిగి, కాళ్ళు చాపుకొనేంత చోటు చాలని అందులో స్పష్టంగానే చెప్పారు. అంతకంటే పెద్దదైతే ఒక మూల పడుకొని ఇంకో మూల పాడుచేస్తుందట. అంతా విన్నాను. విని, వెల్డింగ్ షాపుకు పోయి మేకపోతు పట్టేంత బోను చేయించాను.

నేను పెరిగింది అట్లాంటి ఇంట్లో. చిన్నప్పుడు నాకెవరూ సరిపోయే అంగీ కుట్టించలేదు. "పెరిగే పిల్లగాడు, జర వదులు పెట్టు" అని టైలర్‌కు చెప్పేవాళ్ళు. ఆ అంగీ నాకు సరిపోయే నాటికి మోచేతుల దగ్గర చిరిగిపోయేది. కుక్కకూ అదే కొలత పెట్టించాను.

బోను ఇంటికి రాగానే నా భార్య నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

"గిదేంది, గింత పెద్దగ చేయించిన్రు? దీంట్ల మనిద్దరం గూడ పండొచ్చు."

"పెరగదా అది? ఏడాదికోటి చేయిస్తమా?"

"పెరిగినప్పుడు పెరుగుతది. గిప్పుడైతే పిడికెడంత లేదు. నడుమ ఓ చెక్క అడ్డం పెట్టుండ్రి."

"వీడియోలు నేను చూసిన్నా, నువ్వు చూసినవా?"

చెక్క పెట్టలేదు. పిల్ల ఒక మూల పడుకుంది, ఎదుటి మూలను దొడ్డి చేసుకుంది. పొద్దున్నే ఆ ఇనుప కమ్మీలు కడగాల్సి వచ్చినప్పుడల్లా నాకు కోపం ముంచుకొచ్చేది. ఆ కోపాన్ని పిల్ల మీద చూపించాను. చెప్పు కొరికితే బోను. దుప్పటి తడిపితే బోను. గొళ్ళెం వేసి, పైన చెప్పుతో కొట్టి చప్పుడు చేసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ గొళ్ళెం కదిలిన చప్పుడు వింటేనే అది మంచం కిందికి దూరేది.

"పండుకునే జాగను ఠాణా చేసిన్రు. ఇగ అదెట్ల పోతది లోపటికి?" అంది నా భార్య.

"భయం లేకుంటే అలవాటెట్లయితది?" అన్నాను నేను. నన్ను చిన్నప్పుడు అట్లాగే పెంచారు. మంచిగానే పెరిగానని అప్పట్లో నా నమ్మకం.

అప్పుడే మానుకోటలో నా భార్య చిన్నమ్మ కూతురి పెళ్ళి వచ్చింది. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. పొద్దున రైలుకు పోయి మధ్యాహ్నం రైలుకు తిరిగొద్దామని అనుకున్నాం. పిల్లను బోనులో పెట్టి, ఇన్ని నీళ్ళు పోసి గొళ్ళెం వేశాను. తలంబ్రాలయ్యాయి, భోజనాలయ్యాయి. నా చుట్టూ కుర్చీలు లాక్కొని బామ్మర్దులు కూర్చున్నారు. నేను కుక్క గురించే చెప్తున్నాను. ఇనుప బోను, శిక్షణ, క్రమశిక్షణ. చెప్పేకొద్దీ మాటలు ఊరుతున్నాయి.

నా భార్య వచ్చి నిలబడింది. "బండి టైమైతుంది, లేవుండ్రి."

"ఆగు, మాట్లాడుతున్న గద."

మళ్ళీ వచ్చింది. ఈసారి పెళ్ళివాళ్ళు పెట్టిన సంచి భుజానికి తగిలించుకొని వచ్చింది. ఒక బామ్మర్ది నవ్వాడు. "బావా, మా అక్కను గూడ బోన్ల వెడుతున్నవా ఏంది? గట్ల పరేషానైతుంది!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. రైలు వెళ్ళిపోయింది.

సాయంత్రం రైల్లో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో బండి ఆగినప్పుడు ఒకే ఒక మాట అంది. "మధ్యాహ్నం నా కోసం చూసి ఉంటది."

తలుపు తీయగానే వాసన. బోనులో ఈ మూలా ఆ మూలా అని లేకుండా అంతా పాడైంది. నీళ్ళ గిన్నె బోర్లాపడి ఉంది. కమ్మీలకు నెత్తురు అంటింది. పిల్ల చిగుళ్ళు చీరుకుపోయాయి, ముందరి కాలి గోరు ఊడింది. నేను గొళ్ళెం తీస్తే వెనక్కి జరిగి అవతలి కమ్మీలకు అంటుకుపోయింది. నా భార్య కింద కూర్చొని చేతులు చాపింది. అది పొట్ట మీద పాక్కుంటూ వచ్చి ఆమె ఒళ్ళో పడింది. నా వైపు చూడలేదు.

గాయాలు మానతాయని పశువుల దవాఖానలో చెప్పారు. మానాయి కూడా. కానీ ఆ తర్వాత అది బోను కనిపిస్తేనే ఉచ్చ పోసుకునేది. ఒక్కటే ఉంటే ఏడ్చేది. పక్కింటివాళ్ళు పంచాయితీ పెట్టారు. ఆ మాట ఎట్లాగో కొడకండ్లలో వ్యవసాయం చేసే మా అన్న దాకా పోయింది. ఆయన ఫోన్ చేశాడు.

"ఇంట్ల కుక్కేందిరా? ఐతారం ట్రాలీ ఆటో తెస్త. బాయికాడ గొలుసుకు గడితే గదే మంచిగైతది."

నన్ను చదివించింది ఆ అన్నే. నేను ఆయన మాటకు ఎదురు చెప్పిన రోజు లేదు. నా భార్య "మీ అన్న, మీ ఇష్టం" అని లోపలికి పోయింది.

ఆదివారం అన్న గొలుసు పట్టుకొని వచ్చాడు. పిల్ల నా భార్య కాళ్ళ వెనక నక్కింది.

"తప్పు దానిది గాదన్నా, నాది" అన్నాను. బోను కొలత దగ్గర్నుంచి మానుకోట పెళ్ళి దాకా జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"అయితేంది? తప్పు ఎవరిదైతేంది, పోయేది కుక్కనే గద."

"గదే గాదంటున్న. తప్పు జేసిన నేను ఇంట్ల మంచం మీద పండుకుంట. అది గొలుసుకు పోవుడేంది?"

"కుక్క కోసం నాకు ఎదురు మాట్లాడుతున్నవారా?"

"మాట్లాడుతున్న."

 మాట వెనక్కి తీసుకోలేదు.

"పొలం పని ఇడిసిపెట్టి వచ్చిన్రా నేను."

"తిని పో అన్నా. కుక్కనైతే ఇయ్య."

తిన్నాడు. కూరలో ఉప్పెక్కువైందని నా భార్యతో అన్నాడు. చేయి కడుక్కొని, గొలుసు భుజాన వేసుకొని ఆటో ఎక్కాడు.

ఆ సాయంత్రమే బోను తలుపు ఊడదీశాను. నా భార్య ఏనాడో చెప్పిన చెక్కను నడుమ అడ్డం పెట్టాను. ఇప్పుడు మధ్యాహ్నం పూట నేనూ ఇంటికొస్తున్నాను. "సార్, మీ కొడుకు తిన్నడా?" అని ఆఫీసులో నవ్వుతారు. తిన్నాడనే చెప్తాను. పిల్ల బోనులోకి రెండు కాళ్ళు పెట్టి, నేను పెట్టిన రొట్టె ముక్క అందుకొని, వెనక్కి నడిచి బయటికొస్తుంది. మంచం కింద పడుకుంటుంది. పక్కింటాయన ఇప్పటికీ మొహం తిప్పుకొనే పోతాడు. పోనీ.

మొన్న అన్న మనవడి పుట్టువెంట్రుకలకు చిల్పూరు గుట్ట మీది గుడికి పోయాం. అన్న పిలవలేదు, వదిన ఫోన్ చేసి పిలిచింది. భోజనాల దగ్గర అన్న నా పక్కన కూర్చున్నాడు. అన్నం కలుపుకుంటూ అడిగాడు.

"ఉన్నదా అది?"

"ఉన్నది."

"బోన్ల పండుకుంటుందా?"

"పండుకుంటలేదు."

"మరేం నేర్పినవురా గిన్ని దినాలు?"

"ఏం నేర్పలే."

"ఇప్పుడన్న పంపుతవా?"

"పంప" అన్నాను.