గేటు లోపలి నీళ్ళు

సత్తెనపల్లిలో పల్లెవెలుగు బస్సెక్కిన ఒకావిడ పెద్ద నీళ్ళ డబ్బాని నా కాళ్ళ దగ్గరికి తోసి, పక్కన కూర్చుంది.

"ఏమ్మా, డబ్బాకి కూడా టికెట్ కొట్టనా?" అన్నాడు కండక్టర్.

"కొట్టు. దానికీ ఓ సీటియ్యి మరి," అంది.

నేను నవ్వాను. ఆవిడ నా చొక్కా మీదున్న సంస్థ గుర్తు చూసి, తన ఊరి పేరు చెప్పింది. "మా ఊళ్ళో నీళ్ళ మిషను పెట్టింది మీరే గదా?"

మేమే. ఎన్నికల కొట్లాటల్లో ఆ ఊరు రెండు వర్గాలైంది, తాగునీటి ట్యాంకు పగలగొట్టారు. సహాయానికి వెళ్ళిన మా బృందంలో, బోరు నీళ్ళని శుద్ధి చేసే ఆ మిషనుకు స్థలం ఎంచిన ఇంజనీర్ని నేను. బోరు, త్రీఫేజ్ కరెంటు, నీడ: మూడూ ఒక వర్గం నాయకుడి ప్రహరీ లోపలే ఉన్నాయి. "మా వాకిట్లోనే పెట్టుకోండి, కరెంటు బిల్లు నాది," అన్నాడాయన. నీళ్ళు అందరికీ ఉచితమని గేటుకి బోర్డు కూడా పెట్టాం.

"మరి ఈ డబ్బా ఎందుకమ్మా?" అన్నాను.

"కర్రలు పట్టుకుని మా ఇంటి మీదికొచ్చింది ఆ గేట్లోంచే బాబూ. మా ఆయన చెయ్యి ఇంకా లేవట్లా. బిందె పట్టుకుని అందులోకి ఎట్టా పోను?"

వాళ్ళ అడ్డరోడ్డు దగ్గర డబ్బా కిందికి దించిపెట్టాను. దాన్ని భుజానికెత్తుకుంటూ ఆవిడే నన్ను ఓదార్చింది.

"మీరు మాత్రం ఏం చేస్తారు బాబూ. కరెంటు అక్కడేగా ఉంది."

మిషను అక్కడే ఎందుకు పెట్టారని అడిగినవాళ్ళందరికీ నేను చెబుతూ వచ్చిన జవాబు అదే. ఆవిడ నోట విన్నాక, మళ్ళీ ఎవరికీ చెప్పలేకపోయాను.