రెండో సీటు బరువు

మా ఇంటి ముందు రేకుల కింద ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. రెండే సీట్లు. వయసులో నాకంటే పెద్దది. పుట్టపర్తిలో చాలా ఏళ్లున్న ఒక విదేశీ పెద్దాయనకు దాన్ని నేనే బాగుచేసి పెట్టేవాణ్ని. ఆయన దేశం వదిలిపోతూ నాకే ఇచ్చేసి పోయాడు. ముదిగుబ్బలో ట్రాక్టర్లు విప్పి బిగించుకునే నాకు అది అక్కరకు రాని అందం. నా భార్య దాని బానెట్ మీద మిరపకాయలు ఎండబెట్టేది.

ఆమె జబ్బు ఎముకల్లోకి పాకాక ఆ కారే మాకు దిక్కయింది. అనంతపురం ఆసుపత్రికి బస్సులో పోతే ప్రతి గుంతకూ ఆమెకు ప్రాణం పోయి వచ్చేది. కారు సీటైతే వెనక్కి వాలుతుంది, కాళ్లు చాపుకోవచ్చు. కుంగిపోయిన వెనక కమాన్లు, అంటే కుదుపు తినే ఉక్కు పట్టీల కట్టలు, బాగుచేస్తే చాలు, ఆమెను నొప్పి తెలియకుండా తీసుకుపోతాననుకున్నాను.

బండి వెనక భాగాన్ని జాకీతో లేపి, బండల మీద నిలబెట్టి, కమాను కట్టలు రెండూ దించాను. పట్టీలు విడదీసి తుప్పు గీకాను. విరిగినవి మార్చి, కమాను చివర్ల బోల్టులకు తొడిగే రబ్బరు బుష్షులు కొత్తవి వేశాను. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతే నా బుద్ధి గడ్డి తిన్నది. మా వైపు ఏ బండి కమాను విప్పినా ఒక పట్టీ ఎక్కువ వేసి బిగిస్తాం, బస్తాలు మోసే బండ్లు మరి. ఇన్నేళ్ల అలవాటు, చేతులు నన్ను అడగలేదు. రెండు వైపులా చెరొక పట్టీ ఎక్కించేశాను.

బుష్షుల బోల్టులు చివరగా బిగించేటప్పుడు చక్రాలు నేల మీద ఉండాలి, సీట్లలో మనుషుల బరువుండాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి చిరిగిపోతుంది. నా సీట్లో నా బరువుకు సరిపడా రాళ్లు పెట్టి ఆమెను పిలిచాను.

"రామ్మే, వచ్చి కూచో. నీ బరువు కావాల."

"పెండ్లయినప్పట్నుంచీ బరువు బరువని సణిగినావు. ఇప్పుడు కావాల్సొచ్చెనా?" అని నవ్వుతూ, గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. నేను కారు కింద పడుకుని ఆ నవ్వు విన్నాను. ఆమె నవ్వడం మళ్లీ వినలేదు.

ఆసుపత్రికి పోతూ దారి పొడవునా అడుగుతూనే ఉన్నాను.

"ఎట్లుండాది మే?"

"బాగుండాదిలే. ముందు చూసి తోలు."

ఆ ఎక్కువ పట్టీలతో కమాన్లు బిర్రబిగిసి, బరువు లేని బండి ఎద్దులబండిలా ఎగురుతోందని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా ఆమె మాటే నమ్మాను. ఆసుపత్రి దగ్గర ఆమెను చేతుల మీద ఎత్తి దించుతుంటే చీర కొంగు కనిపించింది. నోట్లో కుక్కుకుని కొరికిన చోట తడిసి, చిరుగులు పడి ఉంది. నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది. డాక్టరు పరీక్షించి, ఇక ఇక్కడికి తీసుకురావద్దు, ఇంట్లోనే చూసుకోండి అన్నాడు. అదే కారులో నత్తలా తోలుకుంటూ తిరిగొచ్చాం.

మర్నాడు పొద్దున్నే కారును మళ్లీ బండల మీదికి ఎక్కించాను. ఎక్కడికీ పోయేది లేదని తెలుసు. అయినా ఆ పట్టీలు దాని కింద ఉన్నంతసేపూ నాకు ముద్ద దిగేలా లేదు. రెండూ పీకేసి, కట్టలు మళ్లీ ఎక్కించి, బండిని నేలకు దించాను. ఇక బోల్టులు బిగించాలి, సీట్లో బరువు కావాలి. ఆమె మంచం మీద నుంచి లేవలేని స్థితిలో ఉంది.

వాన రాక విత్తకుండా మిగిలిపోయిన వేరుశనగ విత్తనపు కాయల బస్తా ఒకటి వాకిట్లో ఉంది. ఆసుపత్రి మెట్ల మీద ఆమెను మోసినట్టే దాన్ని చేతుల మీదికి ఎత్తి చూశాను. బరువెక్కువ. మూతి విప్పి ఒక చిన్న గంపెడు కాయలు తీసి కింద పోశాను. మళ్లీ ఎత్తాను. ఇంకా ఎక్కువే. ఇంకో గంప పోశాను.

లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఇత్తనాలు ఎందుకు పారబోస్తాండావు?"

"బస్తా బరువెక్కువుండాది మే."

"ఎంత తీస్తావు? ఇంక చాల్లే."

చాలలేదు. ఇంకో రెండు గంపలు తీస్తే గానీ అది ఆమె అంత కాలేదు.