గట్టు మీద పదకొండు సున్నాలు

"అదే అడుగుతాండాను బావా, ఆ పదకొండు దినాలూ నువ్వు గట్టెక్కనే లేదు కదా! మళ్లా ఈ సున్నాలు యాడివి?"

 లక్ష్మప్పను ఇట్లా అడిగినవాడు బామ్మర్ది తిరుపాల్, ఆదోనిలో ఆటో తోలుతాడు. వాళ్లక్క ఉచ్చీరమ్మ, అంటే లక్ష్మప్ప భార్య, పోయి ఇంకా నెల కాలేదు. బావకు కళ్లజోడు దొరక్కపోతే, ఫోనులో వచ్చిన సందేశం తనే చదివి పెడుతూ పదకొండు సున్నాలన్న చోట ఆగిపోయాడు.

లక్ష్మప్ప చేసే పనేమిటంటారా? దేవరగట్టు మీద వాన కొలిచే డబ్బా ఒకటి ఉంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకల్లా గట్టెక్కి, డబ్బా లోపలి సీసాలో నీళ్లుంటే గీతల గాజుగ్లాసులో పోసి చూసి పుస్తకంలో రాయాలి. నెలాఖరుకు ఆ పేజీ ఫోటో తీసి పంపాలి. అంతే! కింద చేలల్లో వాన కొలిచేవాళ్లు ఉన్నారు గానీ, కొండల మీద వానాకాలం ఏటేటా ఎట్లా మారుతోందో చెప్పేవాళ్లేరీ? అందుకే బెంగళూరు పరిశోధకులకు ఈయన పుస్తకమంటే అంత గురి. పంతొమ్మిదేళ్లు! జ్వరమొచ్చినా ఎక్కాడు, దసరాకు గట్టు మీద జరిగే బన్నీ పండగనాడు అంత జనంలో దూరి కూడా ఎక్కాడండీ, అదీ మనిషి!

దేవరగట్టు మల్లయ్య దేవుడిది, చావు మైలలో ఉన్నవాళ్లు దాన్ని తొక్కరు. ఉచ్చీరమ్మ పోయాక మైల తీరే పదకొండు రోజులూ ఆయనా తొక్కలేదు. కానీ మొదట్లో పని నేర్పిన సారు, "గడి ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు లక్ష్మప్పా" అని గట్టిగా చెప్పిపోయాడు. ఎనిమిదిన్నర కాగానే ఇంట్లోనే గుంజకు ఆనుకుని పుస్తకం తెరిచేవాడు. చూసిందేమీ లేదు. సున్నా పెట్టేవాడు. చుట్టూ చుట్టాలు ఏడుస్తున్నా ఆయనకు కంట చుక్క రాలేదు.

"అక్కను మోసిన దినం గోనెసంచులు కప్పుకొని పోతిమి కదప్పా. సున్నా అంట, సున్నా!"

"వాన పడిందా?" అన్నాడు లక్ష్మప్ప.

తిరుపాల్ నోరు తెరిచి చూశాడు. "పడిందా అంటావా? వంక పారింది బావా! నువ్వు యాడుండావ్?"

పన్నెండో రోజు ఎక్కితే సీసా నిండి పొర్లి ఉంది. ఏ రోజు నీళ్లు ఏ గడిలో వేయాలో తోచక ఒంపేశాడు. అది ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా లోపల ఏమీ కదల్లేదు.

"మిగతాది సదువు."

"'పంతొమ్మిదేళ్లలో ఈ కాలంలో పదకొండు రోజులు వరసగా గట్టు మీద చుక్క పడకపోవడం ఇదే మొదలు లక్ష్మప్పగారూ. రేపు పొద్దున సభలో ఇదే చూపిస్తున్నాను. మీ పేరూ చెబుతాను. ఉషశ్రీ.'"

ఉషశ్రీ మంత్రాలయం పిల్ల. బెంగళూరులో ఈ లెక్కలన్నీ చూసేది ఆమే.

"ఊరుకో బావా, ఎవురికి తెలుస్తాది? సెప్తే ఆ డబ్బా ఇంకొగడికి ఇస్తారు. పొద్దున లేస్తే నీకుండేది ఆ గట్టొకటే."

ఆ మాట నిజమే. 

"గట్టు ఎండిందని సెప్తాది తిరుపాలూ, అంతమంది ముందర."

"సెప్పనీ."

"ఎండలేదు కదా."

 తిరుపాల్ ఫోను బావ చేతిలో పెట్టాడు.

ఆ పిల్ల ఒంటిగంటకు భోజనానికి లేస్తుంది. అప్పుడు ఫోను చేయాలి. ఆ సున్నాలు కొట్టేయమనాలి. ఎందుకని అడుగుతుంది. గట్టెక్కలేదనాలి. ఎందుకెక్కలేదని అడుగుతుంది. ఉచ్చీరమ్మ పోయిందని చెప్పాలి. ఆ మాట ఆయన ఇంతవరకూ తన నోటితో ఎవరికీ చెప్పలేదు.