ఎడమ వింగు మీద ఇద్దరు

రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, ఒక ఫిబ్రవరిలో, ఆసుపత్రి ఉద్యోగానికి తోడుగా ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి డాక్టరుగా చేరాను. ఐర్లాండ్ ప్రభుత్వాసుపత్రిలో నాది ఎముకల విభాగం, హోదా రిజిస్ట్రార్. రిజిస్ట్రార్ ఆపరేషన్లు చేస్తాడు, రాత్రి డ్యూటీలు చేస్తాడు, కాని రోగి మాత్రం పైనున్న కన్సల్టెంటు పేరు మీదే ఉంటాడు. కాకినాడలో చదువుకుని ఇక్కడికి వచ్చిన నేను చివరిదాకా ఆ హోదాలోనే ఉండిపోయాను. నా దగ్గర పిండికట్టు వేయడం నేర్చుకున్న నీల్ అనే ఐరిష్ డాక్టరు ఆ శీతాకాలంలోనే మా విభాగానికి కన్సల్టెంటుగా వచ్చాడు. క్లబ్బు పనికి నేను ఒప్పుకోవడానికి అదీ ఒక కారణమే. వారంలో ఒకటి రెండు సాయంత్రాలైనా నా మాటే ఆఖరి మాటగా చెల్లే చోటు కావాలనిపించింది.

క్లబ్బు చిన్నది, రెండో డివిజన్‌లో ఆడేది. మెయ్‌నూత్‌లో మా ఇంటి నుంచి కారులో అరగంట. ఆటగాళ్ళు పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవారు. మ్యాచ్‌కి ముందు గాయాలున్నవాళ్ళని పరీక్షించి, ఆడవచ్చో కూడదో చెప్పడం నా పని. నేను 'అన్‌ఫిట్' అంటే మేనేజరు కూడా కాదనడానికి లేదు.

ఆ జట్టులో ఎడమ వింగు ఆటగాడు డీన్. వింగర్ అంటే మైదానం అంచు గీత వెంబడి బంతితో దూసుకెళ్ళి, గోలు ముందుకి దాన్ని అందించేవాడు. డీన్‌ది ఉత్తర ఇంగ్లండ్. చిన్నప్పుడే పెద్ద క్లబ్బు అకాడమీలో చేరాడు, పద్దెనిమిదో ఏట వాళ్ళు వద్దన్నారు. అక్కణ్ణుంచి నాలుగో డివిజన్, ఆ కింది డివిజన్లు. ఏడాదికో ఊరు, ఏడాదికో అద్దె ఇల్లు. భార్యది ఐర్లాండ్‌లోని కిల్‌డేర్ కావడంతో చివరికి ఇటు వచ్చాడు. పగలు టైల్స్ కొట్టులో డెలివరీ వ్యాను నడిపేవాడు. అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు.

ఆ ఏడే కిలియన్ వచ్చాడు. ఇరవయ్యేళ్ళవాడు, అతనిదీ ఎడమ వింగే. ఏప్రిల్ కల్లా డీన్ బెంచీ మీద కూర్చున్నాడు. జనం కిలియన్ పేరు మీద పాట కట్టి పాడేవారు. నా గదిలో పిక్కకి మర్దనా చేయించుకుంటున్నంతసేపూ డీన్ నన్ను అడిగేది కిలియన్ గురించే. ఎంత వేగంగా పరుగెత్తాడు, మేనేజరు ఏమన్నాడు, ఇంగ్లండ్ నుంచి ఎవరైనా చూడటానికి వచ్చారా. జవాబు విని గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలా ముఖం తిప్పుకోవడం నాకు కొత్త కాదు. పొద్దున వార్డు రౌండ్లలో నీల్ వెనక నడిచేటప్పుడు నా ముఖం కూడా అలాగే ఉండేదేమో.

సీజన్ చివర మా జట్టు పై డివిజన్‌కి వెళ్ళేందుకు ఒక్క మ్యాచ్ మిగిలింది. ఆ వారం ప్రాక్టీసు అయ్యాక డీన్ నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"డాక్, కిలియన్ ఎడమ పాదం చూశారా?"

"అడిగాను. గ్రాండ్ అన్నాడు."

ఐర్లాండ్‌లో గ్రాండ్ అంటే గొప్పగా ఉందని కాదు, ఫర్వాలేదని. రోగి ఆ మాట తొందరగా అన్నాడంటే నేను మళ్ళీ అడిగేవాణ్ణి. కిలియన్ బూటు తీయకుండానే ఆ మాట అని వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ పిలవాలనుకున్నాను.

"గ్రాండ్ కాదు. మలుపు తిరిగేటప్పుడు పాదం బయటి అంచు ఆన్చడంలేదు. మడమ మీద తిరుగుతున్నాడు."

"అతను చెప్పాడా?"

"వాడెందుకు చెబుతాడు? నేను చూస్తున్నాను. వాడొచ్చిన రోజు నుంచీ వాణ్ణి తప్ప ఇంకేదీ చూడటంలేదు నేను."

ఇది ఎందుకు చెబుతున్నావని అడిగాను.

"వాడు ఆడకపోతే నేను ఆడతాను. అందుకే. నన్ను మంచివాణ్ణనుకోకండి."

తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఇరవై ఒకటో ఏట తనకీ అదే ఎముక విరిగిందన్నాడు. నొప్పి దాచుకుని ఆడాడట. అప్పట్లో పై డివిజన్ వాళ్ళు తనని చూడటానికి వస్తున్నారు, తన చోటు కోసం ఇంకొకడు కాచుకుని ఉన్నాడు. ఆటలోనే ఎముక పూర్తిగా విరిగింది, సరిగ్గా అతకలేదు. "ఆ తర్వాత నా వేగం తిరిగి రాలేదు," అని వెళ్ళిపోయాడు.

మేనేజరుకి చెబితే నవ్వేశాడు. డీన్ కళ్ళు మండిపోతున్నాయి, ఆ మాటలు పట్టించుకోకండి అన్నాడు. మర్నాడు కిలియన్‌ని బల్ల మీద కూర్చోబెట్టి బూటూ మేజోడూ తీయించాను. చిటికెన వేలి వెనక, పాదం అంచున ఉన్న ఎముక మొదట్లో నొక్కాను. "గ్రాండ్" అన్నాడు, కాని కాలివేళ్ళన్నీ ముడుచుకుపోయాయి. ఎక్స్‌రే తీయిస్తే శుభ్రంగా ఉంది. ఒత్తిడి వల్ల వచ్చే సన్నని పగులు మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఎమ్మారై కావాలి. మా ఆసుపత్రిలో ఆ వరస చాలా పొడుగు, మ్యాచ్ శుక్రవారం. వరస దాటించి అంత తొందరగా చేయించగలవాడు కన్సల్టెంటే.

అంటే నీల్. అతణ్ణి నేను ఏ సాయమూ అడగకూడదని మనసులో ఎప్పుడో అనుకున్నాను. కారిడార్‌లో కాసేపు నిలబడి, చివరికి ఫోన్ చేశాను. విషయం పూర్తిగా వినకముందే, "మీరు చూసి అనుమానపడ్డారంటే చాలు, రేపు భోజనాల వేళకి పంపండి," అన్నాడు. కాదని ఉంటే కోపమైనా తెచ్చుకునేవాణ్ణి. అంత సులువుగా ఔనన్నాడు, ఆ సులువే గుచ్చుకుంది. నాకు చేతకానిది అతనికి ఒక్క మాటతో అయిపోతుంది.

స్కానులో పగులు స్పష్టంగా ఉంది. అన్‌ఫిట్ అని మేనేజరుకి చెప్పాను. కిలియన్ ఏడ్చాడు, తర్వాత కారు పార్కులో డీన్‌కి ఎదురెళ్ళాడు. నేను వాళ్ళకి దగ్గర్లోనే ఉన్నాను.

"నువ్వే చెప్పావు కదా?"

"నేనే."

"నా చోటు కోసం."

"ఔను."

డీన్ ఇంకేదైనా అంటాడనుకున్నాను. తన పాదం సంగతి చెబితే ఆ కుర్రాడికి కొంతైనా అర్థమయ్యేది. చెప్పలేదు, వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

శుక్రవారం డీన్ ఆడాడు. మొదటి సగంలో అతను అందించిన బంతితోనే మాకు గోలు వచ్చింది. రెండో సగంలో ఎదుటి జట్టు డిఫెండరు అతణ్ణి ముందుకు కదలనివ్వలేదు. జనం మైదానంలో లేని కిలియన్ పాట అందుకున్నారు. మేనేజరు డీన్‌ని బయటికి పిలిచాడు. అతను నా పక్కనే బెంచీ మీద కూర్చుని, ఆ పాట మొత్తం విన్నాడు. మేం ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. కుర్రాడుంటే గెలిచేవాళ్ళమని గేటు దగ్గర చాలామంది అన్నారు.

కిలియన్‌కి నీలే ఆపరేషన్ చేసి ఎముకలో స్క్రూ వేశాడు. నేను సహాయకుడిగా నిలబడ్డాను. తర్వాతి వారం డీన్ తన సామాను తీసుకెళ్ళడానికి క్లబ్బుకి వచ్చి, కుర్రాడు మునుపటిలా పరుగెత్తుతాడా అని అడిగాడు. పగులు పూర్తిగా విరగకముందే దొరికింది కాబట్టి పరుగెత్తుతాడన్నాను. తలూపాడు.

"సంతోషమేనా?" అన్నాను.

"లేదు డాక్. నా గురించి చెప్పేవాడు ఒక్కడూ లేకపోయాడు. వాడికి నేనున్నాను. ఇప్పుడు వాడంటే ఇంకా ఎక్కువ మండుతోంది."

డీన్ ఆ తర్వాత ఆడలేదు. టైల్స్ కొట్టులో పూర్తికాలం ఉద్యోగానికి కుదిరాడు. రెండేళ్ళకి కిలియన్ ఇంగ్లండ్ వెళ్ళి, డీన్ ఎన్నడూ చేరలేకపోయిన డివిజన్‌లో చేరాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నట్టు నాకు తెలియదు.

ఆ ఉదంతం తర్వాత నేను పని చేసే పద్ధతిలో ఒకటి మారింది. ఒకరి గురించి ఇంకొకరు వచ్చి ఏదైనా చెబితే, చెప్పినవాడి ఉద్దేశం ఏమిటని ముందు చూడటం మానేశాను. ముందు రోగిని పరీక్షించేవాణ్ణి. ఈర్ష్యపడేవాడి చూపు చాలాసార్లు అందరికన్నా నిశితంగా ఉంటుంది, చెప్పిన విషయం నిజం కావచ్చు. ఇంకొకటి కూడా తెలిసింది. సరైన పని చేసినంత మాత్రాన ఈర్ష్య తగ్గదు. డీన్‌కి తగ్గలేదు. రిటైరయ్యే రోజున నీల్ నా గురించి మంచిగా మాట్లాడుతుంటే వింటూ, నాకూ తగ్గలేదని గమనించాను. అది తగ్గేదాకా మేమిద్దరం ఆగి ఉంటే ఆ స్కాను జరిగేది కాదు.